రైలు దారిలో పిడుగులు

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు నన్ను అడిగినప్పుడు, ఓడల గురించో చెరకు తోటల గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ సంగతులు ఇదివరకే చాలామంది నాకన్నా బాగా రాశారు. నేను పిడుగుల గురించి రాస్తున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది. నేను తెలుగు బడిలో చదివినవాణ్ణి కాను. పగలు ఇంగ్లీషులో పిల్లలకు సైన్సు చెప్పి, సాయంత్రం తరగతులలో పెద్దవాళ్ళ పక్కన కూర్చొని అఆలు దిద్దినవాణ్ణి. తప్పులుంటే మన్నించగలరు.

మా తాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి ఒప్పంద కూలీగా నేటాలుకు వచ్చారు. ఒప్పందం తీరిన తరువాత కూడా రైలు దారి గ్యాంగులోనే పనిచేశారు. నాకు ఊహ తెలిసేనాటికి ఆయన ముసలివారు. కాని ఒక అలవాటు మాత్రం పోలేదు. ఉరుము వినపడగానే చేతిలో ఏది ఉన్నా కింద పెట్టేవారు. కాఫీ లోటా అయినా సరే. తరువాత కళ్ళు మూసుకొని అర్జునుని పది పేర్లు పలికేవారు. మా పిల్లలందరికీ అది వినోదంగా ఉండేది. లోటాను చూపించి నవ్వుకొనేవాళ్ళం.

ఆ అలవాటు వెనుక ఒక చావు ఉన్నది. తాతకు ఒక తమ్ముడు. మా చిన్నతాత. ఆయనా అదే గ్యాంగులో ఉండేవాడు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఒక వేసవి మధ్యాహ్నం, నేటాలు ఎగువ భాగంలో పని చేస్తుండగా గాలివాన వచ్చింది. మిగిలిన వారంతా కొండ తొలిచిన గండిలో ఒదిగి కూర్చున్నారు. చిన్నతాత భుజాన గునపంతో ఒక యూకలిప్టస్ చెట్టు కిందికి పోయాడు. పిడుగు పడింది. ఆయనకు పెళ్ళయి అప్పటికి ఏడాది కాలేదు.

ఇంట్లో దీనికి మూడు కారణాలు చెప్పుకొనేవారు. ఇనుప గునపం పిడుగును పిలిచిందని మగవాళ్ళు అనేవారు. పట్టాలు లాగాయని ఇంకొందరు. మూడవది గొంతు తగ్గించి అనేవారు: ఆ పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదు అని. ఆ పిల్ల మా చిన్నవ్వ. నేను చూసేనాటికి ఆమెకు అరవై దాటాయి. పెళ్ళివారు గడప దాటే సమయానికి, ఎవరూ చెప్పకుండానే, ఆమె పెరటి వైపుకు వెళ్ళిపోయేది. ఎదురు రాకూడదని. పిండివంటలన్నీ చేసింది ఆమే.

బడిలో నేను కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉన్నది, చాలా సంవత్సరాలు రైలు పట్టాలు పిడుగును లాగుతాయని పిల్లలకు చెప్పాను. పుస్తకంలో చదివి కాదు, ఇంట్లో విని. ఉద్యోగం నుంచి దిగిన తరువాత తీరికగా చదివితే నేను చెప్పినది తప్పని తెలిసింది. ఆ చదివిన దానిలో కొంత ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

మొదట రైలు సంగతి. దక్షిణ ఆఫ్రికాలో ఆవిరి బండి మొదట నడిచింది మన డర్బనులోనే. 1860 జూన్ 26న, ఊరి అంగడి దగ్గర నుంచి పాయింటు రేవు దాకా, రెండు మైళ్ళ దారి. అదే సంవత్సరం నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి మన వాళ్ళతో అదే రేవుకు చేరింది. అంటే రైలూ మనమూ ఈ దేశానికి ఒకే ఏడు వచ్చాము. 1877లో నేటాలు ప్రభుత్వం రైలును తన చేతికి తీసుకొని లోపలి దేశానికి దారి వేయడం మొదలుపెట్టింది. 1880లో పీటర్‌మారిట్స్‌బర్గు, 1886లో లేడీస్మిత్, 1891లో చార్లెస్‌టౌను, 1895లో జొహానెస్‌బర్గు. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు వచ్చిన సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలలో అందరూ చెరకు నరకలేదు. ఎంతోమంది పార, తట్ట, సమ్మెట, గునపం పట్టి ఈ దారి వేశారు, వేసిన దాన్ని బాగుచేస్తూ వచ్చారు.

ఈ దారి సముద్రం ఒడ్డున మొదలై జొహానెస్‌బర్గు చేరేసరికి సుమారు 1,750 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఎక్కే కొద్దీ పిడుగుల దేశంలోకి పోతుంది. డ్రాకెన్స్‌బర్గు కొండల పక్కన, ఆ పైన హైవెల్డు మైదానంలో, అక్టోబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం ఎండ కాచి, సాయంత్రానికి నల్లటి మేఘం లేచి పిడుగులు కురుస్తాయి. ఇక్కడి పాతవారికి అది పక్షి. రెక్కలు కొడితే ఉరుము, గోళ్ళతో దిగితే పిడుగు. దాన్ని ఇంపుందులు అంటారు. తాత గ్యాంగులో జూలూ వాళ్ళు కూడా ఉండేవారు. గాలివాన వస్తే వాళ్ళు పక్షిని తలుచుకొనేవారు, మన వాళ్ళు అర్జునుణ్ణి తలుచుకొనేవారు, అందరూ కలిసి ఒకే గండిలో కూర్చొనేవారు.

ఇప్పుడు పిడుగుకూ రైలుకూ ఉన్న సంబంధం చూద్దాం. పిడుగు రైలు మీద మొదట చూపిన దెబ్బ పట్టాల మీద కాదు, బండి మీద కాదు, తంతి తీగ మీద. రైలు దారి పొడుగునా తంతి వేయడం ఇంగ్లండులో 1830ల చివర మొదలైంది. ఒక స్టేషను నుంచి ఇంకొక స్టేషనుకు బండి బయలుదేరింది, చేరింది అని చెప్పడానికి అదే సాధనం. ఆ తీగ మైళ్ళ తరబడి బయలు మైదానంలో స్తంభాల మీద వేలాడుతుంది. పిడుగు తీగ మీదే పడనక్కరలేదు. దగ్గరలో పడినా తీగలో ఒక పోటు పుడుతుంది. ఆ పోటు తీగ వెంట పరుగెత్తి స్టేషను గదిలోకి, బల్ల మీది యంత్రంలోకి వస్తుంది. ఆ కాలపు సూది తంతిలో సూదులు అయస్కాంత గుణం పోగొట్టుకొని ఉత్తగా వేలాడేవి. సన్నని తీగలు కరిగిపోయేవి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రజ్ఞుడు 1846లోనే ఈ విషయం మీద రాశాడు.

1847లో ఫ్రాన్సులో పారిస్ నుంచి సెంజెర్మేను పోయే దారిలో, లె వెసినే స్టేషనులో ఇలాంటిదే జరిగింది. పిడుగు తీగ వెంట వచ్చి యంత్రాన్ని పాడుచేసింది. గడియారాలు, తంతి యంత్రాలు చేసే లూయీ బ్రెగే దాన్ని చూసి ఒక ఉపాయం చెప్పాడు. స్టేషనులోకి వచ్చే ముందు కొంత దూరం తీగను చాలా సన్నగా పెట్టండి, పోటు వస్తే ఆ సన్న తీగ కాలిపోతుంది, యంత్రం బ్రతుకుతుంది అన్నాడు. మన ఇళ్ళలో ఫ్యూజు చేసే పని అదే. ఇంకొక ఉపాయం కూడా అదే కాలంలో వచ్చింది. రెండు లోహపు పలకలు, నడుమ వెంట్రుకవాసి సందు, ఒక పలకకు తీగ, రెండవ పలక నుంచి భూమిలోకి దారి. తంతి మాటలు మోసే బలహీనమైన కరెంటు ఆ సందును దాటలేదు. పిడుగు పోటు మాత్రం ఎగిరి దూకి భూమిలోకి పోతుంది. ఎంత తెలివి! పిడుగును ఆపడం కాదు, దానికి వేరే దారి చూపించడం.

తరువాత నూట డెబ్బై ఏళ్ళలో రైలు వాళ్ళు చేసినదంతా ఈ ఒక్క ఆలోచనకు మెరుగులే. 1920లలో మన నేటాలులోనే పీటర్‌మారిట్స్‌బర్గు, గ్లెంకో మధ్య దారిని 3,000 వోల్టుల కరెంటుతో నడపడం మొదలుపెట్టారు. కొలెన్సోలో దానికోసమే కరెంటు కేంద్రం కట్టారు. పిడుగులకు పేరుపడిన కొండల మధ్య, బండి నెత్తిన రాగి తీగ! తంతి తీగ కన్నా లావు, తంతి తీగ కన్నా ఎత్తు. అక్కడ కూడా అదే ఉపాయం, పెద్ద రూపంలో: పోటు రాగానే భూమికి దారి తెరిచి, పోటు పోగానే దారి మూసుకొనే సాధనాలు. 1960ల చివర జపానులో జింకు ఆక్సైడుతో చేసిన బిళ్ళలు కనిపెట్టిన తరువాత ఆ పని ఇంకా బాగా జరుగుతున్నది.

మరి బండిలో కూర్చున్నవాళ్ళ మాటేమిటి? ఇక్కడ మనసు కుదుట పడవచ్చు. 1836లో లండనులో మైకేల్ ఫారడే ఒక పెద్ద పెట్టెకు లోహపు రేకు, తీగల అల్లిక చుట్టించి, తాను లోపల కూర్చొని, బయట పెద్ద యంత్రంతో మెరుపులు పుట్టింపజేశాడు. లోపల ఆయన దగ్గరున్న సున్నితమైన సాధనం కదలలేదు. విద్యుత్తు లోహపు పై తొడుగు మీదనే పోతుంది. ఇనుప రైలు పెట్టె కూడా అలాంటిదే. పిడుగు దాని మీద పడితే పైకప్పు, గోడలు, చక్రాలు, పట్టాలు దాటుకుంటూ భూమిలోకి దిగిపోతుంది. లోపల కిటికీ మూసుకొని కూర్చున్నవాడికి చప్పుడే మిగులుతుంది. మా తరగతిలో ఒక అమ్మాయి, మరి పాత కట్టె పెట్టెలో అయితే అని అడిగింది. మంచి ప్రశ్న. కట్టె పెట్టెకు అంత భరోసా లేదు.

అపాయం బండి బయట ఉన్నవాడికి. గ్యాంగువాడికి. దూరాన ఎక్కడో పిడుగు పట్టాల మీద పడితే పోటు పట్టాల వెంట రెండు వైపులా కొంత దూరం పరుగెత్తుతుంది. అప్పుడు పట్టా మీద చేయి ఉన్నవాడికి, పట్టా తగిలిన గునపం పట్టుకున్నవాడికి ముప్పు. కనుక ఉరిమితే చేతిలోది కింద పెట్టమని గ్యాంగులో చెప్పే మాట సరైనదే. తాత కాఫీ లోటా కింద పెట్టడం మాత్రం కొంచెం ఎక్కువ. కాని పట్టా పోటును మోయడం వేరు, పట్టా మేఘం నుంచి పిడుగును లాగడం వేరు. నేను నలభై ఏళ్ళు ఈ రెండింటినీ కలిపేశాను.

లాగదని ఎలా తెలుసు? దీన్ని కనిపెట్టింది కూడా మన దేశంలోనే అని చదివి నేను చాలా సంతోషించాను. బాసిల్ షోన్‌లాండ్ 1896లో గ్రాహమ్స్‌టౌనులో పుట్టినవాడు. 1930లలో ఆయన, తన తోటివారు కోలెన్సు, మలాన్ మొదలైనవారితో కలిసి జొహానెస్‌బర్గు వేసవి గాలివానలలో పిడుగులను ఫోటోలు తీశాడు. మామూలు కెమెరా కాదు. చార్లెస్ వెర్నన్ బోయ్స్ అనే ఇంగ్లీషాయన ఆలోచించిన తిరిగే కటకాల కెమెరా. పిడుగు సెకనులో వెయ్యవ వంతులో చేసే పనిని అది బొమ్మ మీద పక్కపక్కకు సాగదీసి చూపిస్తుంది. 1930ల చివర విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ప్రైస్ పేర ఒక పరిశోధన సంస్థ లేచింది. షోన్‌లాండే దానికి మొదటి అధిపతి. బెర్నార్డ్ ప్రైస్ కరెంటు కంపెనీ ఇంజనీరు. ఆయన తీగల మీద పిడుగులు పడి పడి విసిగి ఉన్నాడు. విజ్ఞానానికి డబ్బు అలా కూడా వస్తుంది.

ఆ ఫోటోలలో కనిపించినది ఇది. పిడుగు మేఘం నుంచి ఒక్క దూకుగా రాదు. గుడ్డివాడు కర్రతో తడుముకుంటూ దిగినట్టు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక్కొక్క మెట్టు సుమారు 50 మీటర్లు. మెట్టుకూ మెట్టుకూ నడుమ సెకనులో ఇరవై వేలవ వంతు విరామం. మనం కళ్ళతో చూసే ఆ పెద్ద వెలుగు, ఈ మెట్లు నేలకు అందిన తరువాత కింద నుంచి పైకి పోయేది. ఆ వెలుగులో పోయే కరెంటు మామూలుగా 30,000 ఆంపియర్ల మాట. దిగి వస్తున్న పిడుగు చివరి కొన్ని పదుల మీటర్లకు వచ్చేదాకా నేల మీద ఏమున్నదో దానికి లెక్క లేదు. చివరలో మాత్రం, నేల మీద నుంచి ఎత్తుగా నిలిచినది ఏదైతే ఉన్నదో అది ముందు చేయి చాచి అందుకుంటుంది. ఎత్తు ముఖ్యం. నేలకు అంటుకొని పడుకున్న పట్టా కాదు. భుజాన ఉన్న గునపం కాదు. బయలు మైదానంలో ఒంటరిగా నిలిచిన యూకలిప్టస్ చెట్టు.

చెట్టు పిడుగును అందుకొన్నా బాగా మోయలేదు. చెట్టులో తడి ఉంటుంది గాని లోహం లేదు. దాని పక్కన నిలబడిన మనిషి ఒళ్ళు చెట్టు కన్నా మంచి దారి. కనుక పిడుగు బోదె మీద నుంచి పక్కకు, మనిషి మీదికి దూకుతుంది. దూకకపోయినా, చెట్టు మొదట్లో నేలలో పాకే కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి ఇంకొక కాలి నుంచి దిగుతుంది. చెట్టు కింద గొడ్లు మందలుగా చచ్చేది అందుకే, వాటి ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ దూరం ఎక్కువ.

తాత చెప్పిన వివరం ఒకటి నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నది. ఆ చెట్టుకూ పట్టాలకూ నలభై అడుగుల దూరం అనేవారు. గ్యాంగువాడు దూరాలు ఊరికే చెప్పడు, కొలిచే చెబుతాడు. మిగిలిన ఎనిమిది మంది పట్టాల పక్కనే గండిలో కూర్చొని బ్రతికారు. పట్టాలు లాగే మాట నిజమైతే పోవలసింది ఆ ఎనిమిది మంది.

ఇంతవరకు పాత కాలం. కొత్త కాలంలో పిడుగు రైలుకు చేసిన పెద్ద అపకారం ఒకటి చెప్పాలి. దానికి ముందు ఒక చిన్న పాఠం. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికా ఇంజనీరు పట్టాలనే సిగ్నలుకు కాపలా పెట్టాడు. దారిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కలో రెండు పట్టాల గుండా చిన్న బ్యాటరీ కరెంటు పంపుతారు. రెండవ చివర ఒక రిలే ఆ కరెంటుతో పైకి ఎత్తుకొని ఉంటుంది. అది ఎత్తుకొని ఉన్నంతసేపు దారి ఖాళీ. బండి ఆ ముక్కలోకి రాగానే దాని చక్రాలు, ఇరుసు రెండు పట్టాలను కలిపేస్తాయి, కరెంటు రిలే దాకా పోదు, అది కింద పడుతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, బ్యాటరీ చచ్చినా, తీగ తెగినా, పట్టా విరిగినా రిలే కిందే పడుతుంది, ఎర్రే వస్తుంది. చెడిపోతే ఆపు. రైలు సిగ్నలు వాళ్ళ వేదం ఇదే. పిడుగు ఈ వేదాన్ని తప్పించగలదు. అది రిలేలోని లోహపు మొనలను కరిగించి అతికిస్తే, కింద పడవలసినది పడదు. అందుకని ఆ మొనలలో ఒకదాన్ని అతుక్కోని బొగ్గుతో చేయడం నేర్చుకొన్నారు.

2011 జూలై 23 రాత్రి చైనాలో వెన్‌జౌ నగరం దగ్గర గాలివానలో పిడుగులు పడ్డాయి. అక్కడ రిలేల పక్కన కంప్యూటరు యంత్రాలు కూడా ఉన్నాయి. పిడుగు స్టేషనులోని ఒక యంత్రంలో ఫ్యూజును కాల్చింది. ఆ యంత్రం చెడిపోయింది గాని ఆపు అనలేదు. చెడిపోక ముందు తాను చూసిన సంగతినే, దారి ఖాళీ అని, చెబుతూ పోయింది. అదే గాలివానలో దారి మీది కాపలా కూడా దెబ్బతిని డి3115 అనే వేగపు బండి ఒక వంతెన మీద ఆగిపోయింది. అది మెల్లగా కదలడం మొదలుపెట్టగానే, వెనుక నుంచి డి301 వచ్చింది. ముందు సిగ్నలు పచ్చగా ఉన్నది. గంటకు 99 కిలోమీటర్ల వేగంతో గుద్దుకొన్నది. నాలుగు పెట్టెలు వంతెన మీద నుంచి కింద పడ్డాయి. 40 మంది పోయారు. మొదట అంతా పిడుగు, పిడుగు అన్నారు. ఆ ఏడు డిసెంబరులో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక మాత్రం యంత్రం తయారీలో లోపం, దాన్ని సరిగా పరీక్షించకుండా పెట్టడం, పిడుగు పడిన తరువాత సరిగా చూసుకోకపోవడం అని రాసింది.

ఆ నివేదిక గురించి చదువుతున్నప్పుడు నాకు మా ఇంటి వంటగది జ్ఞాపకం వచ్చింది. ఒక మనిషి పోతే కారణం కావాలి. చేతికి అందే కారణం పట్టుకుంటారు. అక్కడ పెద్దవారు ఆకాశాన్ని పట్టుకొన్నారు. మా ఇంట్లో ఇరవై రెండేళ్ళ పిల్లను పట్టుకొన్నారు. తాత మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన అడిగినవారికీ అడగనివారికీ ఒకటే చెప్పేవారు: "చెట్టు కిందికి పోకండిరా." ఆయన మాటలో శాస్త్రమంతా ఉన్నది. కాని మగవాళ్ళ మాట పెరటి దాకా పోలేదు, ఆడవాళ్ళ మాటను ఆయన ఖండించలేదు. అది కూడా చెప్పాలి.

నేను చిన్నవ్వతో ఈ సంగతి ఒక్కసారే మాట్లాడాను. పదహారేళ్ళవాణ్ణి. బడిలో ఫారడే పాఠం అయిన రోజు. పిడుగు ఎలా పడుతుందో నాకు తెలిసినంత చెప్పాను. పట్టాలు లాగాయనే తప్పును కూడా కలిపే చెప్పాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తూ విన్నది. చివరకు, "అయితే నాయనా, ఆ పొద్దు మీ చిన్నతాతకు సద్దిలోకి పచ్చడి వేయలేదని కోపంగా పోయినాడు. దానికీ దీనికీ ఏమీ లేదు గదా?" అని అడిగింది. ఏమీ లేదు అవ్వా అన్నాను. ఇంకొక గుప్పెడు కాయలు ముందుకు లాక్కొన్నది.

ఆమె పోయి నలభై ఏళ్ళు దాటింది. మా కుటుంబం వారు గోడకు పెట్టుకొన్న వంశవృక్షంలో చిన్నతాత పేరు ఒక కొమ్మ చివర ఒంటరిగా ఉండేది, పక్కన ఖాళీ. ఈ సంవత్సరం ఉగాదికి ముందు ఆ పటం దింపించి, నా చేతి రాతతో, సాయంత్రం తరగతిలో నేర్చుకొన్న అక్షరాలతో, ఆయన పక్కన ఆమె పేరు రాశాను.